ఫారసీలో గతకాలపు ‘లేదు’: తెగని ఒక వ్యాకరణ చర్చ

ఫారసీలో ‘నేను అప్పుడు వెళ్తూ ఉన్నాను’ అనడానికి రెండు దారులున్నాయి. ఒకటి ‘మీరఫ్తమ్’. ఇది పాతది, పుస్తకాల్లోనూ మాటల్లోనూ నడిచేది. రెండోది ‘దాష్తమ్ మీరఫ్తమ్’. ఇది ఇరాన్ వాడుకభాషలో పుట్టి, ఆధునిక కాలంలో కథల్లోకీ నవలల్లోకీ ఎక్కిన రూపం. ఆ పని జరగడం లేదని చెప్పాల్సి వస్తే మాత్రం రెంటికీ జవాబు ఒక్కటే: ‘నెమీరఫ్తమ్’. ‘నదాష్తమ్ మీరఫ్తమ్’ అని ఎవరూ అనరు. ‘దాష్తమ్ నెమీరఫ్తమ్’ అన్నా ఇరానీ చెవికి అది తప్పుగానే వినిపిస్తుంది. అవుననేటప్పుడు రెండున్న రూపాలు కాదనేటప్పుడు ఒకటైపోవడం ఎందుకు? ఇది ఫారసీకి ఉన్న లోటా, లేక ఏ భాషలోనైనా కాదనడానికి ఉండే స్వభావమా? విద్యార్థి దీన్ని సూత్రంగా బట్టీ పట్టి వదిలేస్తాడు. భాషాశాస్త్రవేత్తలు మాత్రం దీని మీద చాలాకాలంగా వాదించుకుంటున్నారు.

ఇందులో తెలుగు పాఠకుడికి ఆసక్తి కలగడానికి కారణం ఉంది. తమిళనాడు సరిహద్దుకు దగ్గరి నాయుడుపేట చుట్టుపక్కల మాట్లాడే దక్షిణాది తెలుగులో, దానికి ఆనుకుని ఉన్న తమిళంలో, ఇటు తెలంగాణ తెలుగులో ఇదే చిక్కు మూడు రకాలుగా తీరింది. ఈ మూడింటినీ పక్కన పెట్టుకుంటే ఫారసీ చిక్కుముడి చాలావరకు విడుతుంది. భాష ఏదైనా వ్యతిరేక వాక్యం అనుకూల వాక్యానికి అద్దంలో బొమ్మ కాదు, కాదనేటప్పుడు ప్రతి భాషా ఏదో ఒక తేడాను వదులుకుంటుందన్నదే ఈ వ్యాసం వాదన. ఏది వదులుకుంటుందన్నది ఆ భాషలో ఏ రూపం తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నదాని మీద ఆధారపడుతుంది.

రూపం ఎలా ఏర్పడుతుంది

వివాదం లేని భాగం ముందు చెప్పుకోవాలి. ‘రఫ్తన్’ అంటే వెళ్ళడం. చివరి ‘అన్’ తీసేస్తే భూతకాలపు ధాతురూపం ‘రఫ్త్’ మిగులుతుంది. దాని ముందు ‘మీ’, వెనక పురుష ప్రత్యయం చేరిస్తే మీరఫ్తమ్, మీరఫ్తీ, మీరఫ్త్, మీరఫ్తీమ్, మీరఫ్తీద్, మీరఫ్తంద్ వస్తాయి. ప్రథమ పురుష ఏకవచనానికి ప్రత్యయం ఉండదు. కాదనడానికి అన్నిటికంటే ముందు ‘న’ చేరుతుంది. ‘మీ’ ముందు అది ‘నె’గా మారుతుంది కాబట్టి నెమీరఫ్తమ్, నెమీరఫ్తీ, నెమీరఫ్త్ అని సాగుతుంది. పలికేటప్పుడు ఊనిక ఆ ‘నె’ మీదే పడుతుంది. ‘మీ’ లేకుండా ‘నరఫ్తమ్’ అంటే ‘వెళ్ళలేదు’ అని, పని మొత్తంగా జరగలేదన్న మాట.

రెండు మాటలు కలిసిన క్రియల్లో వ్యతిరేకం నామం మీద పడదు, క్రియ మీదే పడుతుంది. ‘కార్ కర్దన్’, అంటే పనిచేయడం, ‘కార్ నెమీకర్దమ్’ అవుతుంది. ‘బర్‌గష్తన్’, అంటే తిరిగి రావడం, ‘బర్‌నెమీగష్తమ్’ అవుతుంది. అంటే ‘నె’ రెండు ముక్కల మధ్యకు దూరుతుంది. ‘ఎవరూ’ అనే అర్థమున్న ‘హీచ్‌కస్’ వచ్చినా క్రియకు వ్యతిరేకం తప్పదు: ‘హీచ్‌కస్ నెమీఆమద్’. ‘ఎవరూ వచ్చేవారు కాదు’ అనే తెలుగువాడికి ఇది కొత్తగా ఉండదు. ఉండడం, కలిగి ఉండడం అనే రెండు క్రియలు మాత్రం వేరుగా నడుస్తాయి. నేటి భాషలో వాటికి మామూలుగా ‘మీ’ చేరదు. అందుకని ‘నబూదమ్’ (నేను లేను), ‘నదాష్తమ్’ (నా దగ్గర లేదు) అన్నవే గతంలో కొనసాగిన స్థితికి కూడా సరిపోతాయి.

ఇక్కడివరకు పాఠ్యపుస్తకం చాలు. అసలు చిక్కు ‘నెమీఆమదమ్’ లాంటి రూపానికి ఎన్ని అర్థాలున్నాయో లెక్కపెట్టినప్పుడు మొదలవుతుంది. అలవాటుగా వచ్చేవాడిని కాదు, ఆ క్షణంలో రావడం లేదు అన్న రెండు అర్థాలూ అందులో ఉన్నాయి. మూడోది షరతు: ‘అగర్ మీదానెస్తమ్, నెమీఆమదమ్’ అంటే ‘తెలిసి ఉంటే వచ్చేవాడిని కాదు’. ఈ మూడో అర్థం దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. మన ‘వచ్చేవాడిని కాదు’ కూడా సరిగ్గా ఇలాగే రెండు పనులు చేస్తుంది. ‘చిన్నప్పుడు ఈ ఊరికి వచ్చేవాడిని కాదు’ అంటే అలవాటు, ‘తెలిస్తే వచ్చేవాడిని కాదు’ అంటే జరగని ఊహ. రక్తసంబంధం లేని రెండు భాషలు గతపు అలవాటునూ జరగని ఊహనూ ఒకే రూపంలో పెట్టడం యాదృచ్ఛికమని అనిపించదు. రెండింటిలోనూ పని ఒక బిందువు దగ్గర ముగిసినట్టు కనిపించదు, హద్దు లేకుండా పరుచుకుని ఉంటుంది. నా ఉద్దేశంలో ఫారసీ ‘మీ’ అసలు స్వభావం కాలం కాదు, ఈ హద్దులేనితనమే.

చర్చ నడిచిన దారి

ఈ ‘మీ’ మధ్యకాలపు పారసీకంలోని ‘హమే’ నుంచి వచ్చింది. ‘ఎప్పుడూ’ అని అర్థమిచ్చే విడి మాట అది. తొలినాటి ఫారసీలో ‘హమీ’గా ఉండి, క్రియకు దూరంగా కూడా నిలబడగలిగేది. అందుకే పాత కవిత్వంలో వ్యతిరేకం ‘మీ’కి ముందు కాకుండా తర్వాత కూడా కనిపిస్తుంది. నేడు ‘నెమీదానమ్’ (నాకు తెలియదు) అనేదాన్ని పాత కవులు ‘మీనదానమ్’ అని కూడా అన్నారు. మరో పద్ధతిలో కొనసాగింపును క్రియ చివర ‘ఈ’ చేర్చి చెప్పేవారు: రఫ్తమీ, నరఫ్తమీ. అప్పట్లో ఏది ముందు ఏది వెనక అన్నది కుదురుకోలేదు. విడి మాటగా ఉన్న ‘హమీ’ క్రియకు అతుక్కుపోయాకే ‘నెమీ’ అనే జత గట్టిపడింది. వ్యతిరేక రూపం స్థిరపడడానికి ఎంతకాలం పట్టిందో ఈ చరిత్ర చూపిస్తుంది. ‘దాష్తన్’ రూపాన్ని తూచేటప్పుడు ఈ సంగతి మళ్ళీ పనికొస్తుంది.

తెలుగు నేల మీద ఫారసీ చదువుకున్న తరాలు ‘దాష్తమ్ మీరఫ్తమ్’ను ఎరగవు. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, 1651 ప్రాంతంలో తయారైన ‘బుర్హానె ఖాతె’ ఫారసీ నిఘంటువుల్లో పేరుపొందినది. నాయుడుపేట ఉన్న నెల్లూరు సీమ 1801లో కంపెనీ చేతికి పోయేదాకా ఆర్కాటు నవాబుల కిందిది, ఆ దర్బారు రాతకోతలు ఫారసీలో నడిచాయి. తెలుగుకు ఎంతో చేసిన సి.పి. బ్రౌన్ 1838లో మద్రాసు ప్రభుత్వానికి ఫారసీ అనువాదకుడిగా కుదిరినవాడే. హైదరాబాదు సంస్థానంలో 1884 ప్రాంతంలో ఉర్దూ వచ్చేవరకు పాలనాభాష ఫారసీ. వీరందరి ఫారసీకి ఆధారం 13వ శతాబ్దపు సాదీ ‘గులిస్తాన్’ లాంటి గ్రంథాలు. విలియం జోన్స్ 1771లో అచ్చువేసిన వ్యాకరణం కూడా ఆ గ్రంథభాషనే నేర్పింది. వాళ్ళకు గతంలో కొనసాగింపు అంటే ‘మీ’ ఒక్కటే, దానికి వ్యతిరేకం ‘నెమీ’ ఒక్కటే. చిక్కే లేదు.

చిక్కు ఇరాన్ వాడుకభాషను వ్యాకరణాలు పట్టించుకున్నాక వచ్చింది. ‘కలిగి ఉండడం’ అనే అర్థమున్న ‘దాష్తన్’ సహాయక్రియగా మారి, అసలు క్రియతో పాటు తానూ పురుష ప్రత్యయం తీసుకుంటూ కొత్త రూపం కట్టింది. ఇరాన్ వ్యాకర్తలు ‘మీరఫ్తమ్’ను ‘మాజీయె ఎస్తెమ్రారీ’ అనీ, ‘దాష్తమ్ మీరఫ్తమ్’ను ‘మాజీయె మొస్తమర్’ అనీ, కొందరు ‘మల్మూస్’ అనీ పిలిచారు. ఎస్తెమ్రార్, మొస్తమర్ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు, రెంటికీ కొనసాగింపనే అర్థం. పేర్లే ఇంత దగ్గరగా ఉంటే విద్యార్థికి గందరగోళం తప్పదు. ‘మల్మూస్’ అంటే తాకి తెలుసుకోగలిగినది. ఆ పేరు పెట్టినవాళ్ళు అర్థానికి ఇంకాస్త దగ్గరగా వెళ్ళారని నాకు తోస్తుంది. ఈ రూపం ఇరాన్‌ది. కాబూల్‌లో గానీ దుషాన్‌బేలో గానీ ఫారసీ మాట్లాడేవారు ఈ పనికి వేరే మార్గాలు చూసుకున్నారు. తాజికీలో ‘నిలబడడం’ అనే క్రియ సహాయానికి వస్తుంది.

మూడు వాదాలు

మొదటి వాదం ప్రకారం ఇది రూపానికి సంబంధించిన ఇబ్బంది. ‘నదాష్తమ్’ అనగానే వినేవాడికి ‘నా దగ్గర లేదు’ అన్న అసలు అర్థమే ముందు తోస్తుంది. సహాయక్రియగా దాష్తన్ ఇంకా లేతది, పాత అర్థాన్ని పూర్తిగా వదిలించుకోలేదు. అందుకే వ్యతిరేకం మోయలేకపోతోంది అంటారు వీళ్ళు. దీనికి బలమైన సాక్ష్యం మన భాషలోనే ఉంది. ‘వస్తూ ఉన్నాడు’ను యాంత్రికంగా తిప్పి ‘వస్తూ ఉండలేదు’ అంటే ‘ఉండలేకపోతుంది’ అన్న అశక్తార్థం అడ్డుపడుతుంది. అయినా ఈ వాదం సగం దూరమే వెళ్తుంది. ఇబ్బంది ‘నదాష్తమ్’తోనే అయితే, అసలు క్రియకు వ్యతిరేకం తగిలించి ‘దాష్తమ్ నెమీరఫ్తమ్’ అనడానికి అడ్డేమిటి? అదీ నడవడం లేదంటే కారణం ఒక్క మాట దగ్గర ఆగదు.

రెండో వాదం అర్థాన్ని పట్టుకుంటుంది. దాష్తన్ రూపం పని జరుగుతూ ఉండగా దాన్ని కళ్ళముందు పెడుతుంది. జరగని పనిని కళ్ళముందు పెట్టడం కుదరదు, కాబట్టి వ్యతిరేకం రాదంటారు. వినడానికి బాగుంది. పైగా ‘దాష్త్ మీఓఫ్తాద్’ అంటే ‘పడబోయాడు’, ‘ఇంకొంచెం ఉంటే పడేవాడే’ అన్న అర్థం కూడా ఉంది. దాన్ని కాదనడానికి ‘నెమీఓఫ్తాద్’ ఏమాత్రం పనికిరాదు, వేరే వాక్యం కట్టుకోవాలి. మన ‘పడబోయాడు’కూ సులువైన వ్యతిరేకం లేదు, ‘పడబోలేదు’ ఎవరి నోటా వినపడదు. ఈ వాదానికి తగిలే దెబ్బ పొరుగుభాషల నుంచి వస్తుంది. ఉర్దూలో ‘నహీఁ జా రహా థా’ (అప్పుడు వెళ్ళడం లేదు) అని హాయిగా అంటారు. జరగని పనిని చూపించడం తర్కానికే విరుద్ధమైతే ఉర్దూలో ఎలా కుదిరింది?

మూడో వాదం భాషాప్రకారాల తులన నుంచి వచ్చింది. ఫిన్లాండ్ భాషాశాస్త్రవేత్త మత్తీ మియెస్తమో 2005లో వెలువరించిన అధ్యయనం ప్రపంచభాషల్లో వ్యతిరేకాన్ని రెండు రకాలుగా చూసింది. అనుకూల వాక్యానికి ఒక ‘కాదు’ తగిలిస్తే సరిపోయేవి సమరూపాలు. నిర్మాణమే మారిపోయేవి విషమరూపాలు. విషమరూపాల్లో తరచుగా జరిగేది కాలాల తేడాలు, పని తీరులోని తేడాలు వ్యతిరేకంలో కరిగిపోవడం. ఈ వెలుగులో చూస్తే ఫారసీది వింత కాదు, చాలా భాషల్లో కనిపించే తీరే. నాకు ఈ వాదమే మిగతా రెంటికంటే గట్టిదిగా కనిపిస్తుంది. అయితే ఏ తేడా కరుగుతుందో, ఏది నిలుస్తుందో అది చెప్పదు. ఆ జవాబు కోసం మన వైపు చూడాలి.

నాయుడుపేట వైపు నుంచి

ద్రావిడ భాషలకు వ్యతిరేకంలో తేడాలు వదులుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రాను, రావు, రాడు, రాదు అనే పాత వ్యతిరేక క్రియలో కాలానికి గుర్తే లేదు. ప్రత్యయం పురుషను చెబుతుంది, కాలం సందర్భం చెబుతుంది. కాల్డ్వెల్ తన 1856 నాటి తులనాత్మక వ్యాకరణంలో దీన్ని ద్రావిడ భాషల ప్రత్యేకతగా చూపాడు. సంప్రదాయ తెలుగు వ్యాకరణాలు భూతం, వర్తమానం, తద్ధర్మం పక్కన వ్యతిరేకార్థకాన్ని విడిగా లెక్కించడం వెనక ఉన్నదీ ఈ సంగతే. తర్వాత ‘లేదు’ చేరి ‘రాలేదు’ గతానికి, ‘రాను’ ముందుకాలానికీ అలవాటుకూ స్థిరపడ్డాయి.

2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత తిరుపతి జిల్లాలో ఉన్న నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. భద్రిరాజు కృష్ణమూర్తి వేసిన మాండలిక విభజనలో ఇది దక్షిణ మండలం. ఇక్కడ ‘వస్తున్నాడు’ కంటే ‘వస్తా ఉండాడు’ సహజం, ‘రాలేదు’ కుదించుకుని ‘రాలా’ అవుతుంది. ‘తిరుపతి బస్సు వచ్చిందా?’ అంటే ‘ఇంకా రాలా’. ‘నువ్వు బయల్దేరేటప్పుడు వాన పడతా ఉండెనా?’ అంటే ‘లేదు, పడలా’. మొదటి ప్రశ్న పని పూర్తయిందా అని, రెండోది పని నడుస్తోందా అని. జవాబులో ఆ తేడా పోయింది. కావాలంటే ‘పడడంలా’ అని విడదీసి చెప్పుకోవచ్చు, కానీ మామూలు మాటకు అది అవసరం పడదు. సరిహద్దు దాటితే తమిళంలో ఇది ఇంకా స్పష్టం. ‘వరవిల్లై’ ఒక్కటే ‘రాలేదు’, ‘రావడం లేదు’ రెంటికీ చాలు, ఏ పురుషకైనా చాలు. పొరుగు ప్రభావం దక్షిణ తెలుగులో ‘లా’ను ఇంత విస్తరించిందనే ఊహ సహేతుకమే. అయితే కోస్తాలోనూ ‘రాలా’ ఉంది కాబట్టి తమిళమే కారణమని తేల్చడం తొందరపాటు.

తెలంగాణలో ‘పోతున్న’కు వ్యతిరేకం ‘పోతలేను’. పోతలేవు, పోతలేడు, పోతలేరు అని పురుష కూడా నిలుస్తుంది. రాతలో వాడే ‘పోవడం లేదు’లో పురుష పోతుంది: నేను, నువ్వు, వాళ్ళు ఎవరికైనా అదే. రెంటిలోనూ కాలం పోతుంది. ‘ఇప్పుడు వాన కురవడం లేదు’ అన్నా, ‘నిన్న ఆ సమయానికి వాన కురవడం లేదు’ అన్నా క్రియ మారదు. అంటే తెలుగు వ్యతిరేకం కొనసాగింపును పట్టుకుని కాలాన్ని వదిలేసింది. ఫారసీ ‘నెమీరఫ్తమ్’ కాలాన్నీ పురుషనూ పట్టుకుని, నడుస్తున్న పనికీ అలవాటుకీ మధ్య తేడాను వదిలేసింది. నాయుడుపేట ‘పడలా’ పురుషతో పాటు, పూర్తయిన పనికీ నడుస్తున్న పనికీ మధ్య తేడాను వదిలేస్తుంది. ఉర్దూ ‘నహీఁ జా రహా థా’ దాదాపు ఏమీ వదలలేదు. నాలుగూ ఒకే పనికి నాలుగు రకాల ఖర్చు.

విద్యార్థికి ప్రమాదం ఎక్కడుందో ఇక్కడే తెలుస్తుంది. దక్షిణాది తెలుగువాడు ‘పోలా’ను ఎల్లప్పుడూ ‘నరఫ్తమ్’గా మార్చేస్తాడు. ఫారసీ తప్పనిసరిగా అడిగే హద్దు అతని మాటలో లేదు. ఉర్దూ మీదుగా నేర్చుకునే హైదరాబాదీ దీనికి ఎదురుగా తప్పుతాడు. ‘నహీఁ జాతా థా’ (వెళ్ళేవాడు కాదు)కూ ‘నహీఁ జా రహా థా’కూ రెండు వేరు రూపాలు వెతుక్కుంటాడు, ఫారసీలో రెండూ ‘నెమీరఫ్త్’ అని నమ్మడానికి మొరాయిస్తాడు. ఇద్దరికీ ఒకే పుస్తకం, ఒకే సూత్రం సరిపోవు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఉర్దూ, తెలంగాణ తెలుగు చేయగలిగింది ఫారసీ ఎందుకు చేయలేకపోయిందన్నది గట్టి అభ్యంతరం. నా జవాబు అవసరానికి సంబంధించినది. ఉర్దూలో నడుస్తున్న పనిని చెప్పడానికి ‘రహా’ తప్పనిసరి. ‘జాతా థా’ అంటే అలవాటని అర్థమవుతుంది తప్ప ఆ క్షణంలో వెళ్తున్నాడని కాదు. తప్పనిసరి రూపానికి వ్యతిరేకం కూడా తప్పనిసరి అవుతుంది, లేకపోతే ఒక అర్థం కాదనడానికి వీల్లేకుండా మిగిలిపోతుంది. తెలంగాణలో ‘పోతున్న’ కూడా అంతే. ఫారసీలో ‘మీరఫ్తమ్’ ఒక్కటే అలవాటునూ, నడుస్తున్న పనినీ నేటికీ మోస్తోంది. దాష్తన్ దాని మీద పెట్టుకునే అదనపు ఊనిక. అదనంగా ఉన్నదానికి వ్యతిరేకం లేకపోయినా భాషకు నష్టం లేదు. కచ్చితంగా ‘ఆ క్షణంలో ఆ పనిలో లేను’ అని చెప్పాలనుకుంటే ‘దర్ హాలె రఫ్తన్ నబూదమ్’ ఉండనే ఉంది. ‘వెళ్ళే స్థితిలో లేను’ అని దాని మాటకు మాట అర్థం.

రెండో అభ్యంతరం: వ్యతిరేకం లేకపోవడం భాషలో లోపమే, లోపాన్ని స్వభావమని సర్దిచెప్పడం దేనికి? లోపమంటే మాట్లాడేవాడికి అడ్డం రావాలి. తెహ్రాన్ వీధిలో ‘నెమీరఫ్తమ్’ అన్నవాడిని వినేవాడు ‘అలవాటుగానా, ఆ క్షణంలోనా?’ అని నిలదీయడు. వాక్యంలోని ‘ఎప్పుడూ’, ‘అప్పుడు’, ‘నువ్వు పిలిచినప్పుడు’ లాంటి మాటలు ఆ పని చేసేస్తాయి. ‘పడబోయాడు’ అర్థం విషయంలో మాత్రం ఈ జవాబు పూర్తిగా సరిపోదు. అక్కడ అభ్యంతరంలో నిజముంది, అక్కడ ఫారసీలో ఖాళీ ఉంది. ఆ ఖాళీని రెండో వాదమే బాగా వివరిస్తుంది. కాబట్టి అవసరం వాదం అర్థం వాదాన్ని కొట్టేయదు. రూపం మొత్తానికి వ్యతిరేకం లేకపోవడానికి అవసరం కారణమైతే, ఆ ఒక్క మూలకు అర్థం కారణం.

మూడోది బోధన వైపు నుంచి వస్తుంది. ఇంత తర్కం విద్యార్థికి ఎందుకు, సూత్రం చెబితే చాలదా అంటారు. సూత్రం చాలదు. ‘దాష్తమ్ మీరఫ్తమ్’ను మాజీయె మొస్తమర్ పాఠంలో నేర్పి, ‘వ్యతిరేకం ఉండదు’ అని ఒక్క వాక్యంతో ముగిస్తే, ఆ అర్థాన్ని కాదనాల్సి వచ్చినప్పుడు విద్యార్థి నోరు మూతపడుతుంది. ‘నరఫ్తమ్’కూ ‘నెమీరఫ్తమ్’కూ మధ్య హద్దు ముందు స్థిరపరిచి, దాష్తన్‌ను తర్వాత ఊనికగా పరిచయం చేస్తే ఆ ఇబ్బంది రాదు.

ఇంకా తేలనివి

దాష్తన్ రూపం ముందుముందు తప్పనిసరి అవుతుందా అన్నది మొదటి ప్రశ్న. ‘మీరఫ్తమ్’ క్రమంగా అలవాటుకే పరిమితమై, నడుస్తున్న పనికి దాష్తన్ ఒక్కటే మిగిలితే, పై వాదం ప్రకారం దానికి వ్యతిరేకం పుట్టాలి. పుట్టకపోతే ఆ వాదం తప్పని తేలుతుంది. పరీక్షకు నిలిచే జోస్యం కాబట్టే దీన్ని ఇక్కడ చెబుతున్నాను. ‘హమీ’ క్రియకు అతుక్కోవడానికి శతాబ్దాలు పట్టింది కాబట్టి ఫలితం ఇప్పుడే కనిపిస్తుందని ఆశించలేం. గతపు అలవాటునూ జరగని ఊహనూ ఒకే రూపం మోయడానికి కారణం హద్దులేనితనమేనా, మరేదైనా ఉందా అన్నది రెండోది. తెలుగు, ఫారసీ పక్కపక్కన పెట్టి చేసే పని ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది.

మూడో ప్రశ్న మనదే. ‘పడలా’, ‘పడడంలా’, ‘పోతలేను’, ‘పోవడం లేదు’ ఎక్కడెక్కడ ఏ అర్థంలో నడుస్తాయో, తమిళ సరిహద్దు వెంట నాయుడుపేట, సూళ్ళూరుపేట, సత్యవేడు వైపు ఒక్కో ఊరిలో హద్దు ఎలా మారుతుందో రికార్డు చేసి చూడాలి. బడి తెలుగు, టీవీ తెలుగు ఈ ఊళ్ళ యువత మాటను మారుస్తున్నాయి. ‘పడలా’ అన్నచోట ‘పడటం లేదు’ అనే తరం వచ్చేలోగా ఆ పని జరగాలి.